మూడో అర, ఎడమ చివర

ఆ పై అరవి నీకొద్దులే.
వాటిల్లో హత్య కూడా ఇస్త్రీ చొక్కా వేసుకునే జరుగుతుంది.
ఆఖర్న అందర్నీ హాల్లో కూచోబెట్టి
కాఫీలు చల్లారేలోపు
వేలెత్తి చూపిస్తాడు డిటెక్టివు.
గుంటూర్లో పుట్టినవాడివి, నమ్ముతావా?
ఈ ఊళ్లో నలుగుర్ని ఒక గదిలో కూచోబెడితే
తేలేది హంతకుడు కాదు, వాటాలు.

ఇదిగో, ఇది పట్టుకెళ్లు. అట్ట లేదు.
ఒకప్పుడు పిస్తోలూ, ఎర్రచీర పిల్లా ఉండేవాళ్లు.
పిల్లని ఎవరో హాస్టలు కుర్రాడు కత్తిరించుకుపోయాడు,
పిస్తోలు ఒంటరిగా ఉండలేక చిరిగిపోయింది.
ఇందులో వాడు ఆఫీసుకి మూణ్ణెల్ల అద్దె బాకీ.
రెండో అధ్యాయంలో తన్నులు తింటాడు,
ఐదులో మళ్లీ తింటాడు, అదే పక్కటెముక మీద.
పాత దెబ్బ కొత్త దెబ్బని గుర్తుపట్టాలి బాబూ,
నేను చూసే నాణ్యం అదొక్కటే.
పేజీ తిప్పగానే గాయం మానిపోయే పుస్తకాన్ని
అద్దెకివ్వను, తూకానికేస్తా.

ఈ పచ్చట్టది రాత్రిపూట చదువు.
మొదటి పేజీలో ఏడుస్తూ వచ్చేదెవరో గుర్తుపెట్టుకో.
ఫీజు ఇచ్చేవాళ్లే ముందు అబద్ధం చెబుతారు.
ఆ సంగతి వాడికీ తెలుసు.
తెలిసే అడ్వాన్సు తీసుకుంటాడు.
నీతిమంతుడా అంటే, ఏమో మరి.
అమ్ముడుపోడని కాదు.
అమ్ముడుపోయిన రాత్రి నిద్రపట్టదు వాడికి.

ఈ రుచి నాకు పట్టించింది ఏసోబు.
మిర్చి యార్డులో కాటా గుమాస్తా.
సాయంత్రం బ్రాడీపేట వచ్చి
ఈ గుమ్మంలో నిలబడితే
లోపల పుస్తకాలు తుమ్మేవి.
"పోలీసు గెలిచేవి వద్దన్నా,
మంచోడు గెలిచేవీ వద్దు.
లెక్క తెలిసినోడు ఆఖరిదాకా బతికుండేది
ఒక్కటుంటే ఇయ్యి" అనేవాడు.
బస్తాకి ఎంత తరుగు తీస్తారో,
ఆ తరుగు ఎవరింట్లో రెండో అంతస్తవుతుందో
వాడికి పేజీ నంబర్లతో సహా తెలుసు.
మార్జిన్లలో పెన్సిలుతో కూడికలు వేసేవాడు.
హంతకుడి పేరు ముందే రాసిపెట్టే వెధవల్ని చూశాను గానీ
తేదీలు వేసి, లారీ నంబర్లు వేసి
చివర తేడా కింద రెండు గీతలు గీసేవాణ్ణి
వాడొక్కణ్ణే చూశాను.
జరిమానా వెయ్యలేదు.
కొన్నిట్లో కథకంటే అవే బావుండేవి.

కోల్డ్ స్టోరేజీ తగలబడిన వేసవి,
రెండు రోజులు సగం ఊరు దగ్గింది.
మూడో రోజొచ్చి ఒకటి తీసుకున్నాడు.
వారం అద్దె ముందే ఇచ్చాడు.
ఎప్పుడూ ఇవ్వడు.

తర్వాత ఇద్దరొచ్చారు. చదివే మొహాలు కావు.
"గుమాస్తా ఇక్కడేమన్నా పెట్టి పోయాడా?"
రిజిస్టరు చూపించాను:
ఏసోబు, ఒకటి, వారం, రెండు రూపాయలు.
అరలన్నీ దులిపారు. దుమ్మే రాలింది.
కూడికలున్నవి అప్పటికే
మా ఆవిడ బియ్యం డబ్బాలో, అడుగున.
ధైర్యం అనకు.
ఇన్నేళ్లు ఇవే చదివినవాడికి
ఎవరు ఎప్పుడొస్తారో తెలియదా?
తలుపు తట్టే తీరులోనే తెలిసిపోతుంది.

ఆ ఎడమ చివర ఖాళీ చూసి
చాలామంది అడుగుతారు, అక్కడేముండేదని.
అద్దెకెళ్లింది అంటాను.
పద్దెనిమిదేళ్లయింది.
ఇంకో పుస్తకం అక్కడ పెట్టబోయి
రెండుసార్లు చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఇంతకీ ఉద్యోగం ఎక్కడన్నావు?
తూనికలు కొలతల శాఖా.
మంచిది.
కూర్చో, టీ చెబుతాను.
ఆ రెండూ పక్కన పెట్టు, ఇవి కూడా తీసుకెళ్లు.
బియ్యప్పురుగు ఉంటే దులుపుకో.
కథ నచ్చకపోతే మానెయ్,
మార్జిన్లు మాత్రం వదలకు.
ఇప్పుడు వారానికి ఇరవై.
నువ్వు ఇవ్వక్కర్లేదు,
రిజిస్టర్లో ఎవరి పేరు రాయాలో
నాకు తెలుసు.