ఊరికే ఉన్న ఖర్చు

పలాసలో తెల్లారి ఐదున్నరకి
నాకంటే ముందు మెషిన్ నిద్రలేవాలి.
అరగంట వేడెక్కనిచ్చి, సిలిండర్ గాలితో సరిచూసి
తలమీద బోర్లించే ప్లాస్టిక్ గోపురాన్ని
స్పిరిట్ దూదితో తుడుస్తాను.
నిన్నటి ఊపిరి ఎవరిదీ అందులో మిగలకూడదు.

రెండు రిజిస్టర్లు.
నీలం అట్టది రోగులకి, ఎర్ర అట్టది బాగున్నవాళ్లకి.
నీలంది మూడోది నడుస్తోంది.
ఎర్రదాంట్లో పది పేర్లు.

ఇవాళ పదకొండో పేరు, లొట్ల తవిటమ్మ.
మొగుడు సిమ్మాద్రి పక్క గదిలోనే
వారానికి మూడుసార్లు, పూటకి నాలుగు గంటలు
నెత్తురు అప్పిచ్చి తిరిగి పుచ్చుకుంటాడు.
ఆవిడ మాత్రం బాగున్న మనిషి.
రాత్రి ఎనిమిది తర్వాత ఏమీ తినలేదు.
టీ తాగలేదు. అడ్డపొగ?
"ఒక్క దమ్ము... ఆదోరం నాడు బాబూ."

పదిహేడేళ్లుగా జీడిపిక్క కొడుతున్న చేతులు.
నల్లబడ్డ వేళ్లు తెల్ల దుప్పటికి అంటుతాయేమోనని
గాల్లో పట్టుకుని పడుకుంది.
దించమ్మా, పర్లేదు.
నిద్రపోకు, కదలకు, మాట్లాడకు, అరగంట ఊరికే ఉండు.
"ఊరికే అంటే ఏటి బాబూ?"

శిక్షణలో ఈ ప్రశ్న రాలేదు.

గోపురం దించాను.
లోపలి గాలి లాగుతుంటే ముంగురులు కదిలాయి,
వాటికి చెప్పడం మర్చిపోయాను.
తెరమీద గీత తొలుత తడబడి
పోటు తీసిన ఉప్పుటేరులా పరుచుకుంది.
ముప్పై తొమ్మిది కిలోల మనిషి
ఏ పనీ చేయకుండా
రోజుకి వెయ్యిన్నీ నలభై కాలరీలు.
గుండె తోడినందుకు, కాలేయం వండినందుకు,
ఒళ్లు వెచ్చగా ఉన్నందుకు.
ఒంట్లో ఉంటున్నందుకు అద్దె.

ఏడింటికి బట్టీ సైరన్ మోగింది.

ఆమె కదల్లేదు, రెప్ప కూడా.
గీత మాత్రం లేచి నిలబడింది:
వెయ్యిన్నీ మూడొందల ఇరవై.

డాక్టరు గారు భుజం మీంచి చూసి
"నిలకడ లేదు, ఆ ఐదు నిమిషాలూ కొట్టెయ్" అన్నారు.
కొట్టేశాను.
ఇలా చాలా కొట్టేశాను.
మందస ముసలాయనకి గోడవతల కొడుకు దగ్గు వినిపించిన మూడు నిమిషాలు,
డిగ్రీ చదివే పిల్ల ఎందుకో నవ్వాపుకున్న నిమిషంన్నర.
సగటుకి పనికిరానివి
ఏ రిజిస్టర్లోనూ లేవు, నాకే గుర్తున్నాయి.

లేచి కొంగు సర్దుకుంటూ అడిగింది:
"అయితే తొంగున్నా కరుసేనా?"
అవునమ్మా.
"మరి మా ఆయనికో?"
నీలం రిజిస్టర్ తిప్పి చూపించాను.
కిలోకి లెక్కేస్తే నీకంటే ఎక్కువే.
"ఏ పనీ సెయ్యడు గదా!"
లోపల ఒళ్లు చేస్తోందమ్మా, అన్నాను.
కాసేపు ఆ కాగితాన్నే చూసింది, చదువు రాదు.
"మా అత్త బతికుంటే సూపిద్దును.
ఊరికే కూకుని తింటన్నాడనీది."

పక్క గది గుమ్మంలో నిలబడి
డయాలసిస్ మెషిన్ల రొదలో అందరికీ వినపడేలా అరిచింది:
"ఇన్నావేటి? నువ్వు పన్జేత్తన్నావంట!"
సిమ్మాద్రి నవ్వాడు.
ఆ నవ్వుకెంతయిందో కొలవలేదు.

గురువారం తవిటమ్మ రెండో రక్తం రిపోర్టు వచ్చింది.
క్రియాటినిన్ రెండు పాయింట్ ఒకటి.
మళ్లీ చేయించాను. రెండు పాయింట్ రెండు.
ఎర్రదాంట్లో పదకొండో పేరు మీద గీత కొట్టి
నీలం అట్ట తీసి
పెన్ను మూత పెట్టి, మళ్లీ తీసి, రాశాను.
ఆ రోజు ఆవిడ భర్తకి క్యారియర్ తెచ్చింది.
"నాది బాగా వచ్చిందా బాబూ?" అంది.
డాక్టరు గారు చెబుతారమ్మా, అన్నాను.

శుక్రవారానికి బాగున్నవాళ్లెవరూ దొరకలేదు.
నాదీ ఈ మట్టే, కవిటి దగ్గర,
మా ఇంటి బావి నీళ్లు తాగే పెరిగాను.
తెల్లారి సిలిండర్ గాలితో సరిచూసి
గోపురం నేనే నామీద దించుకున్నాను.
మోచేతి మడతలో దూది ఇంకా ఉంది,
సీసా మీద పేరు రాయలేదు.
ఊరికే ఉన్నాను.
తెర అటు తిరిగి ఉంది, గీత చూసేవాళ్లు లేరు.

ఏడింటికి సైరన్ మోగింది.