పేరు సగం ఊడిన కారు

జ్ఞానాపురంలో, రైలుకట్ట కింద షెడ్డులో
టార్పాలిన్ ఎత్తితే ముందు పిల్లికూన,
ఆ తరవాత కారు.
ఎరుపే అనేవాడు ఇన్నాసి మావ.
నాకు మాత్రం ఎరుపేదో తుప్పేదో తెలిసేది కాదు.

నడుమెత్తు లేదు.
అందులో కూచోవడం కాదు, దాన్ని తొడుక్కోవాలి.
ముక్కు మీద ఇత్తడి అక్షరాలు మూడే మిగిలాయి,
మిగతా పేరంతా బెజ్జాలు.
డ్రైడాకులో ఓడ బాగుచెయ్యడానికొచ్చిన ఇటలీ ఇంజనీరు
ఒక వానాకాలం, బాకీ కింద వదిలేసి పోయాడట.
ఏం బాకీయో మావ ఎప్పుడూ చెప్పలేదు.

స్పేర్ల కోసం ఉత్తరం రాస్తే
నాలుగు నెలలకి ఆ ఉత్తరమే తిరిగొచ్చింది,
కవరు మీద ఊదారంగు ముద్ర.
ఫాదరు కళ్ళద్దాలు తుడుచుకుని చదివాడు:
"మూసేశారు, ఇన్నాసీ. అక్కడెవరూ లేరు."
ఆరేళ్ళే బతికిందట కంపెనీ.
తనకొచ్చిన లాటిన్ సాయంతో
మాన్యువలు కూడా ఆయనే చదివిపెట్టేవాడు,
కార్బురేటర్ పేజీ అచ్చం సువార్తలా.
నూనె ఎంత పొయ్యాలో చెప్పగానే
ఆమెన్ అనబోయి నాలిక కరుచుకున్నాను.

ఆ తరవాత అన్నీ ఇక్కడివే.
వెనక లైటు లాంబ్రెట్టాది,
చుట్టరికం గుర్తుపట్టినట్టు ఇట్టే కూచుంది.
గాస్కెట్లకి నా పరీక్ష అట్ట కోశాడు మావ,
ఆ ఏడు నేను తప్పాను.
పిస్టన్ రింగులు కంచరపాలెం గురప్ప లేతు మీద తీశాడు,
డబ్బులొద్దు, ఒక్కసారి ఎక్కించు చాలన్నాడు.
ఇటు రేకు మార్చేలోపు
అటు మార్చిన రేకుని ఉప్పుగాలి నాకేసేది.
"సముద్రం కూడా మెకానిక్కేరా,
మనం బిగించిందల్లా ఇప్పేస్తాది."

పదకొండేళ్ళు.

ఓ తెల్లారగట్ల, బీచిరోడ్డు.
పక్క సీట్లో గురప్ప, మోకాళ్ళు గెడ్డానికానించుకుని.
వెనక నేను, సైకిలు మీద.
కోస్టల్ బ్యాటరీ దగ్గర నన్నొదిలేసి పోయింది
కుట్టుమిషనుకి కోపమొచ్చినట్టు చప్పుడు చేస్తూ.
వల దులుపుతున్న ఇద్దరు తలెత్తారు.
"ఏటది?"
"ఏటో... ఎలిపోనాది."

లాసన్స్ బే దగ్గర ఆగి ఉంది.
బానెట్టు పైకి. గట్టు మీద ఇద్దరూ, ఒకటే బీడీ,
ఏ పొగ ఎవరిదో తెలియడం లేదు.
ఏం పోయింది మావా అనడిగాను.
ముక్కు వైపు చెయ్యి చూపించాడు.
రెండే అక్షరాలు.

సైకిలు వెనక్కి తిప్పాను,
రోడ్డు మీంచి కళ్ళు తియ్యకుండా.