వండకూడని గోగు

మిల్లు మూసిన పదకొండో ఏట
సైడింగు పట్టాలు పీక్కుపోయారు.
స్లీపర్లున్న చోటల్లా నల్లటి చారలు,
ఏళ్ల తరబడి నూనె తాగి
వానొచ్చినా నీటిని లోపలికి రానివ్వని నేల.
పైన విజయనగరం ఫ్లైఓవరు.
దాని నీడ పొద్దున్న మిల్లు గోడ మీద,
సాయంత్రం కాలనీ మీద.

నేను మునిసిపాలిటీ తరఫున మట్టి తీసే మనిషిని.
జానెడు లోతున ఒక డబ్బా, మూరెడు లోతున ఇంకోటి,
మూత మీద పెన్సిలుతో నంబరు.
వైజాగు నుంచి కాగితం వచ్చింది:
సీసం.

"పార్కు ఎప్పుడేస్తారు బాబూ?"
ముందు గోగు వేస్తామన్నాను.
కాలనీ అంతా నవ్వింది.
దాలమ్మ నవ్వలేదు.
ఇరవై రెండేళ్లు ఈ షెడ్డులోనే గోగునార దువ్విన మనిషి,
ఆ దుమ్ము ఇంకా ఆవిడ దగ్గులో ఉంది.
"సచ్చిన గోగే వొచ్చీది ఈ గేట్లోకి.
పేనంతో రావడం ఇదే," అంది.

గునపాలతో కాంక్రీటు పెకలించి
గెడ్డలోంచి ఒండ్రు తెచ్చి కలిపాక
ఆవిడే విత్తనం జల్లింది.
ఆగస్టుకి నడుమెత్తు.
నూగుముళ్ల కాడలు,
లేత పసుపు పువ్వు, గొంతులో నల్లెరుపు.
వేరు విషాన్ని పీలుస్తోందని నేను చెప్పాలి,
కంటికి మాత్రం ఉత్త గోగు.

అదే చిక్కు.
దారిన పోతూ పోతూనే
చెయ్యి చిగురు మీదికి పోతుంది ఎవరికైనా.
దాలమ్మ కొంగులో కూడా ఓ పొద్దు గుప్పెడాకు చూశాను.
నేనేం అనలేదు.
ఆవిడే దులిపేసి, కుళాయి దగ్గర రెండుసార్లు కడుక్కుంది.
"సేతికి తెల్దు కదేటి," అంది.

వండరాదని బోర్డు పెట్టాం.
చదువురాని మేక ఒకటి కంచె దూరి
సాలు సగం మేసింది.
ఎవరిదంటే ఎవరిదీ కాదు.
ఆ ఆదివారం కాలనీలో
ఎవరూ వేటమాంసం కొనలేదు.

కోసి, లారీ ఎక్కించాం,
నారకి కాదు, మూత బిగించిన కొలిమికి.
అయినా దాలమ్మ కట్టలు
మిల్లు తూకానికి కట్టినట్టే ఉన్నాయి.

రెండో కాగితం వచ్చింది.
ఏ మాత్రం తగ్గిందని అడిగింది.
పదింట ఒక వంతు, అన్నాను.
వేళ్లు మడిచి లెక్కేసుకుంది,
పంటలు కాదు, తన ఈడు.
కాసేపు పైన లారీల మోత.
"మరైతే ఈపాలి
ఇత్తనం ఎక్కువ తెప్పించండి."