పక్కటెముకల లెక్క

నా టేపుకు అబద్ధం తెలీదు.
ఉరవకొండలో ముప్పై ఏండ్లుగా
ఎన్ని నడుములు కొలిచినానో!
"ఒక ఇంచి వదులు పెట్టన్నా" అని
గొంతు తగ్గించి అడిగినోళ్ల సిగ్గూ కొలిచినా.
మా బుడంకాయ నడుం మాత్రం
ఎన్నడూ కొలవలేదు.

మెడపట్టీకి మొదట మూడో చిల్లు,
తర్వాత నాలుగు,
ఆపైన నేనే దబ్బనంతో ఇంకోటి పొడిచినా.
పెరుగుతా ఉందనుకున్నా.
ఏడేండ్ల కుక్క
ఇంకేం పెరుగుతుంది?

పశువులాసుపత్రిలో ఫర్హానా మేడం
నా చేయి తీసి దాని పక్కల మీద పెట్టింది.
"దొరికినాయా?"
పరుపులో పడిన సూదిని వెతికినట్టు వెతికినా.
"నీ చేతి వెనకపక్క తడుముకో.
ఎముకలు కంటికి ఆనవు, వేలికి తగుల్తాయి.
దీనికీ అట్లే ఉండాల.
ఇట్లే మేపితే
దాని ఆయుష్షులో రెండేండ్లు
నీ చేత్తోనే తినిపించేసినట్టు."

గిన్నెలో సగం తగ్గించినా.
జేజి మంచం మీదనుంచే లేచింది.
"ఎముకలు తగలాలంటనా? ఎవురికి చెప్తావురా?
కరువులో మా నాయన ఎద్దును సంతకు తోలిన దినం
దాని పక్కలు నేను లెక్కబెట్టినా.
ఒక్కో దిక్కు పదమూడు.
బడికి పోని నాకు
వచ్చిన లెక్క అదొక్కటే."

నేనేం చెప్పేది?
మా సీమలో ఒళ్లు చేయడమంటే
వాన పడినట్టే కదా.

నెల దాటినా పట్టీ వదులు కాలేదు.
ఒక తెల్లారుజామున దాని వెనకాలే పోయినా.
ఓబులేసు హోటల్లో ఉగ్గాని, మిరపబజ్జీ కొస.
బస్టాండులో టీలో ముంచిన బన్ను.
గౌసియా గడపలో రొట్టె.
చివరికి మా ఇంటి వెనక,
జేజి కొంగుముడిలోంచి
బెల్లం ముక్క.

దొంగను పట్టుకుంటే
దొంగే ఏడ్చింది.
"ఊరికే చేయి చాపితే
అది నా దగ్గరికి రాదేమో రా."

"చాపి చూడు జేజీ," అన్నా.

చాపింది.
వచ్చింది.
వాసన చూసి, ఏమీ లేదని తెలిసి,
అక్కడే పండుకుంది.

ఇప్పుడు నేను పొడిచిన చిల్లు
ఖాళీగా ఉంది.
దాని ముందుది కూడా.
రైలుగేటు దాకా పోయి ఆగకుండా వస్తాది.

మధ్యాన్నం కుట్టుమిషను ఆపి చూస్తే
జేజి చేయి దాని పక్క మీద,
పెదాలు ఆడుతా ఉన్నాయి.
"ఏం జపం జేజీ?"

"పదకొండు... ఉండ్రా,
మాట్లాడించొద్దు.
తప్పితే
మళ్లా మొదట్నుంచి."