రెండు దీనార్ల చార్జరు

హసావి సందులో కొన్న చార్జరు
తెల్లారుజామున పేలింది.
సువార్తమ్మ కుడిచెయ్యి కాలింది, దిండు సగం.

ఆసుపత్రి కిటికీలోంచి కార్డు అడిగారు.
కార్డు కఫీల్ సొరుగులో ఉంది.
సొరుగు తాళం
వేసవి సెలవులకి లండన్ వెళ్ళింది.

డబ్బా తిప్పి చూశాను.
ఎవరు చేశారో లేదు, ఎవరు పరీక్షించారో లేదు,
‘నాణ్యతకు హామీ’ మాత్రం బంగారు రంగులో.

శుక్రవారం రాజంపేట నుంచి నాయకుడొచ్చాడు.
హాలు నిండా కండువాలు, బిర్యానీ వాసన.
సర్కారు అడ్డు తప్పుకుంటే చాలు,
సంత తన్ను తానే దిద్దుకుంటుందట.
అందరూ చప్పట్లు.
నా పక్కన సువార్తమ్మ ఊరుకుంది.
ఒంటిచేత్తో ఎక్కడ మోగుతాయి?

కట్టు మార్చినప్పుడల్లా అయిదు దీనార్లు.
చార్జరు ఇంకా రెండే.
నిన్న చూశాను, అదే కొట్టులో,
ఎర్ర రంగుది కూడా వచ్చింది.