నడిచేటోని వెనుక

షార్జాల, సజా దిక్కు, ఒక రేకుల షెడ్డు.
అండ్ల రెక్కలు లేని విమానం.
ఇరవై ఒక్క వరుసల సీట్లు, నడుమ ఒకటే దారి.
సీట్లల్ల బొమ్మలు కూసున్నయి.
ఒక్కో బొమ్మ కడుపుల కరెంటు తీగ –
మనిషంత వెచ్చగ ఉండాల్నట.

నా పని నడుసుడు.
ఏడో వరుస కాడికెల్లి పందొమ్మిది దాక,
గంట కొట్టంగనే మళ్ల ఎనుకకు.
క్యాంపుల చెప్తే బుచ్చిరాజం నవ్విండు:
"ఉత్తగ నడిస్తె దిర్హమ్‌లిచ్చే కఫీలు
నాకెందుకు దొరకడే?"

హనాన్ మేడం
పదకొండో వరుస బొమ్మ నోట్లకెల్లి పొగ ఇడుస్తది,
పచ్చ లైటు అడ్డం పెడ్తది.
నేను కదలకముందు పొగ బుద్ధిమంతురాలు:
పైకి లేసి, పక్కకు ఒరిగి,
కాళ్లకాడి జాలీలకు దిగిపోతది.
ఎవల గాలి వాళ్ల వరుసలనే.

నేను నడుస్త.
సంతల తప్పిపోతనని అంగి కొస పట్టుకున్న పోరని లెక్క
పొగ నా ఎంట పడ్తది.
మాపటికి టీవీల చూపెట్టింది:
నా ఈపు ఎనుక ఒక సుడి,
వాగుల బండ చాటుకు నీళ్లు తిరిగినట్టు.
నేను ఆగిన.
అది ఆగలే.
నన్ను దాటి ఇంక రెండు వరుసలు పోయి
ఇంకో బొమ్మ ముక్కుకాడ నిలవడ్డది.

"మేడం, జల్ది నడిస్తె మంచిదా, నిమ్మళంగనా?"
వచ్చీరాని హిందీల అన్నది:
"అదే తెల్వకనే గద నిన్ను నడిపిస్తున్న."

పోయినేడు సెలవుకు పోయినప్పుడు
నాకు దగ్గు. ఒళ్లు కాలుతుండె.
శంషాబాద్ దాక నాలుగుసార్లు లేసిన, బాత్రూముకు.
ఎనుక ఏదో వరుసల ఒక పసిపిల్ల,
తెల్ల టోపీ,
పోయినప్పుడల్ల నా దిక్కు చూసి చెయ్యి ఊపేది.
నేనూ ఊపిన.
ఎన్నో వరుస?
ఎంత యాదికి తెచ్చుకున్నా నంబరు వస్తలేదు.

తెల్లారగట్ల మూడింటికి లేసిన.
రూముల ఆరు డబల్ మంచాలు, పన్నెండు పరదాలు.
ఊపిరి బిగవట్టి, పక్కకు తిరిగి,
కాలెనుక కాలు పెడుతున్న.
"దొంగ లెక్క గా నడుసుడేందే?"
పై మంచం మీదికెల్లి బుచ్చిరాజం.
మాట్లాడితే మళ్ల గాలి కదుల్తది.
తలుపుకాడ ఆగి ఎనుకకు చూసిన –

పరదాలు ఇంక ఊగుతనే ఉన్నయి,
నా మంచం కాడికెల్లి
ఒకదానెంక ఒకటి.