అంటించిన పేజీలు

సోమవారం లైబ్రరీకి సెలవు.
వెనక గదిలో నేనూ, కెటిలూ, పిల్లలు చింపిన పుస్తకాలూ.

జార్జియా తీరపు ఉప్పుగాలికి
ఏ అట్టా పదేళ్లు నిలవదు.
పిల్లల చేతుల్లో పడ్డవైతే మరీనూ:
వేరుశనగ వెన్న మరకలు, పాలపళ్ల గాట్లు,
ఒకసారి పదిహేడో పేజీలో
గుర్తుగా పెట్టుకున్న పీతకాలు.

ఏ పుస్తకం ఎక్కడ చిరుగుతుందో నాకు తెలుసు.
రాణుల పుస్తకం కిరీటాల దగ్గర.
డోలు తాత పుస్తకం సరిగ్గా డోలు మీదే,
ఎన్ని వేళ్లు వాయించి చూశాయో.

ఇది మాత్రం చిరగలేదు.
పన్నెండూ పదమూడూ ఒక్కటైపోయాయి.
బడిలో ఇచ్చే తెల్లజిగురు, అంచు పొడుగునా,
చీమ దూరే సందు లేకుండా.

పదకొండులో ఊరు.
చేపలు ఎండుతున్నాయి.
ఒక అక్క చెల్లెలికి జడలల్లుతోంది, సగం తల అయింది.
పేజీ తిప్పితే పద్నాలుగు:
మా తీరంలాంటి తీరం, బురద, వరిమడి,
వంగిన వీపులు.
మధ్యలో ఓడ ఉండాలి.

చివరగా తీసుకెళ్లింది లెవాండర్, ఏడేళ్లు,
ఆయిస్టర్ల ఫ్యాక్టరీ వెనక సందు.
ఫోన్ చేస్తే వాళ్ల అమ్మమ్మ ఆర్థీనియా
వాణ్ణి రెక్క పట్టుకుని వెనక గుమ్మానికి తెచ్చింది.
"జరిమానా ఎంత?" అంది, కూర్చోకుండానే పర్సు తెరుస్తూ.

"ఎందుకు నాన్నా?" అని వాణ్ణడిగాను.
ఊడిన షూ లేసుతో చెప్పాడు:
"అంటిస్తే వాళ్లు ఎక్కరు కదా."

కెటిల్ మూత ఒక్కటే మాట్లాడింది కాసేపు.

"ఎక్కకపోతే అక్కడే ఉంటారు.
జడ పూర్తవుతుంది."

చరిత్ర తెలియాలర్రా అని
శనివారం శనివారం చాపమీద కూర్చోబెట్టి చెప్పేదాన్ని నేనే.
ముప్పై ఏళ్ల నా అరల్లో
ఈ మాట సర్దడానికి అర లేదు.

ఆర్థీనియా పర్సు మూసింది. కూర్చుంది.
"మరి నువ్వెక్కడుండేవాడివిరా?"
"అక్కడే. చేపల దగ్గర."
"నేనో?"
"నువ్వూ. అక్కడ నీకు మోకాళ్లు నొప్పెట్టవు."

"తెరవనా?" అన్నాను.
ఔననలేదు, కాదనలేదు.
స్టూలు కెటిల్ దగ్గరికి జరుపుకున్నాడు.

ఆవిరి పట్టి, ఎముక బద్ద దూర్చి,
వెంట్రుకవాసి చొప్పున.
జిగురు తీగలు తీగలుగా సాగింది.
విడిపోతూ సముద్రం సగం అవతలి పేజీని పట్టుకుపోయింది.
తెరచాప చోట తెల్లమచ్చ.
కింది అర చీకట్లో కొన్ని మొహాలు
పొర లేచిపోయి వట్టి కాగితమయ్యాయి.
అక్క మిగిలింది.
ఒళ్లో చెల్లెలి తల. చీకట్లోనూ అల్లుతోంది.

జడపాయల్లో మూడు చుక్కలు.
ఇన్నేళ్లూ అచ్చుతప్పనుకున్నాను.

లెవాండర్ ముక్కు కాగితానికి ఆనించాడు.
"గింజలు," అన్నాడు.
"అమ్మమ్మ కాఫీడబ్బాలోవి. బెండ గింజలు."

ఆర్థీనియా వంగి చూసింది, చాలాసేపు చూసింది.
అవునో కాదో చెప్పలేదు.
"కూరొండితే జిగురని పక్కకి నెడతావుగా," అంది.
"జిగురే కదా మరి," అన్నాడు వాడు,
చేతికంటిందాన్ని చొక్కాకి తుడుచుకుంటూ.

ఇంత పాడైన పుస్తకాన్ని
నిబంధన ప్రకారం తీసేయాలి.
రిజిస్టర్‌లో "బాగైంది" అని రాశాను.
జిగురు సీసా ఆర్థీనియా పర్సులోకి వెళ్లింది,
పుస్తకం మళ్లీ వాడి చంకలోకే.

అంచున మిగిలిన జిగురు నేను గీకలేదు.
పన్నెండో పేజీ దగ్గర వేలికి గరుగ్గా తగులుతుంది.
ఎవరు తిప్పినా
అక్కడ ఒక్క క్షణం ఆగాలి.